బొడ్డెమ్మ జట్టు, బాణామతి ముద్ర: దక్షిణ తెలంగాణలో ఎదిగే ఆడపిల్లల స్నేహం

యాదగిరిగుట్ట మొదలుకొని దక్షిణాన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూముల దాకా ఉన్న పల్లెల్లో, తండాల్లో ఎదిగే ఆడపిల్లకు కంటికి కనిపించని శక్తులతో రెండు రకాల పరిచయం కలుగుతుంది. మొదటిది పండుగ వల్ల. పెళ్లికాని పిల్లలు గుంపుగా కూడి, మన్నుతోనో మొలకలతోనో దేవతను నిలిపి, తామే కొలిచి, తామే సాగనంపుతారు. రెండోది భయం వల్ల. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, బర్రె పాలు ఇయ్యకపోయినా ఎవరో బాణామతి 'చేసిండ్రు' అన్న మాట వింటూ ఆ పిల్ల పెరుగుతుంది. మొదటిదానికి జట్టు కావాలి. రెండోది జట్టులేని మనిషి మీద సులువుగా వాలుతుంది.

పడమటి దేశాల కథల్లోలా మంత్రవిద్య నేర్చుకుంటూ కలిసి ఎదిగే బాలికలు మన జానపద కథల్లో అరుదు. వెండితెర మీద కూడా మంత్రదండం ఎక్కువగా మగవాడి చేతిలోనే ఉంది. 1942లో జెమినీ వారు తీసిన 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీ, 1951 నాటి 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు అలాంటివాళ్లే. మరాఠీ కోటలో ఉండే సంగు అతని నీడన బతికే మనిషి. బాలనాగమ్మ అదే కోటలో బందీ. ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు నమ్మి కలిసి నడిచే కథ అక్కడ పుట్టలేదు. అలాంటి కథలు ఊరి వాకిళ్లలో, బొడ్డెమ్మ చుట్టూ, లంబాడీ తండాల తీజ్ మొలక బుట్టల దగ్గర దొరుకుతాయి.

బొడ్డెమ్మ

బతుకమ్మ పేరు ప్రపంచానికి తెలుసు. తెలంగాణ ఏర్పడిన 2014లోనే అది రాష్ట్ర పండుగ అయింది. దానికి ముందు వచ్చే బొడ్డెమ్మ సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. ఇది పెళ్లికాని పిల్లల పండుగ. భాద్రపదం రెండో సగంలో మొదలవుతుంది. చాలాచోట్ల తొమ్మిది రోజులు, కొన్ని ఊళ్లలో అంతకన్నా తక్కువ రోజులు ఆడతారు. మహాలయ అమావాస్య వచ్చేసరికి బొడ్డెమ్మ నీళ్లలో కలుస్తుంది, ఎంగిలిపూల బతుకమ్మతో పెద్దల పండుగ మొదలవుతుంది.

పని పుట్టమన్ను తేవడంతో మొదలవుతుంది. పిల్లలంతా కలిసి ఊరి బయటి పుట్ట దగ్గరికి పోతారు. మన్ను తవ్వి, తెచ్చి, తడిపి, మెత్తగా పిసికి, చెక్కపీట మీద నాలుగు మూలలతో అంతస్తులుగా పేరుస్తారు. జాజు పూసి, ముగ్గు పెట్టి, పై అంతస్తు మీద చిన్న కలశమో పసుపు గౌరమ్మనో నిలుపుతారు. తంగేడు, కట్ల, బీర, గుమ్మడి ఏది దొరికితే ఆ పూవు పెడతారు. పీట మీద చేసేది పీట బొడ్డెమ్మ. నేలలో గుంట తీసి చేసేది గుంట బొడ్డెమ్మ. పందిరి బొడ్డెమ్మ, అంతరాల బొడ్డెమ్మ వంటి రకాలూ ఉన్నాయి. పొద్దుగూకినంక వాకిట్లో దాన్ని మధ్యన పెట్టి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఆట అయ్యాక జోలపాడి బొడ్డెమ్మను నిద్రపుచ్చుతారు. నానబెట్టిన బియ్యం, బెల్లం, అటుకులు పంచుకొని ఇళ్లకు పోతారు.

ఈ పండుగకు పూజారి లేడు, మంత్రం లేదు. పెద్దవాళ్లు అరుగు మీద కూర్చొని చూస్తారే తప్ప చెయ్యి పెట్టరు. పాట అందుకునేది ఒక పిల్ల, వెనక అనేది మిగతా జట్టు. ఏడేళ్ల పిల్ల పదమూడేళ్ల పిల్ల పక్కన నిలబడి అడుగు, చప్పట్ల వరుస, పాట నేర్చుకుంటుంది. మరుచటేడు తన వెనక ఇంకో చిన్నది నిలబడుతుంది. పాటలో మాట తప్పితే పక్కది అందించాలి. పీటకు కాపలా ఎవరిది, పూలకు ఎవరు పోవాలి, ఎవరింట్లో బెల్లం అడగాలి అన్న నిర్ణయాలన్నీ వాళ్లవే. పదేళ్ల పిల్లకు ఒక పని పూర్తిగా అప్పజెప్పి, మధ్యలో ఎవరూ తల దూర్చని సందర్భం పల్లె జీవితంలో మరొకటి చూపడం కష్టం. బొడ్డెమ్మను బతుకమ్మకు ముందు వచ్చే చిన్నపిల్లల ఆటగా మాత్రమే రాసి వదిలేయడం అందుకే అన్యాయం. బతుకమ్మలో వందమంది ఆడవాళ్లు తడబడకుండా ఒకే అడుగు వేయడం వెనక బొడ్డెమ్మ దగ్గర గడిచిన సాయంత్రాలున్నాయి.

ఒక చేదు నిజం కూడా ఇక్కడే చెప్పాలి. ఏ వాడ బొడ్డెమ్మ ఆ వాడదే. ఊరి నడుమ ఆడే ఆటలోకి దళితవాడ పిల్లలకు చాలా ఊళ్లలో పిలుపు ఉండేది కాదు. పుట్ట అందరిదీ, చెరువు అందరిదీ అయినా చేతులు పట్టుకునే వరుసను కులం ముందే గీసి పెట్టింది.

ఆటలు, ఒట్లు, కచ్చి

నమ్మకం నేర్పే ఆటల్లో ఒప్పులకుప్ప మొదటిది. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి పాదాలు దగ్గర చేర్చి, చేతులు అడ్డంగా వేసి పట్టుకొని, ఒళ్లు వెనక్కి వాల్చి గిరగిరా తిరుగుతారు. ఒకరి బరువు ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు. ఎవరితో తిరగాలన్నది పిల్లలు ఊరికే ఎంచుకోరు, లోకువగా నవ్వి చేతులు వదిలేసే పిల్లతో రెండోసారి ఎవరూ తిరగరు. గచ్చకాయల దగ్గర దొంగాట, దాగుడుమూతల్లో చాటు చెప్పేయడం, ఇవన్నీ జట్టు లెక్కలోకి వస్తాయి. సోపతి చెడితే కచ్చి కొడతారు, మళ్లీ మధ్యవర్తి పిల్ల ఒకతి వచ్చి కలుపుతుంది. అమ్మతోడు అని పెట్టిన ఒట్టును పెద్దలు తేలిగ్గా తీసుకున్నా పిల్లలు తీసుకోరు.

పెద్దమనిషి అయిన రోజుల్లో ఈ సోపతికి పరీక్ష వస్తుంది. పిల్లను ఓ మూలన కూర్చోబెట్టి నువ్వులు, బెల్లం పెడతారు, బయట తిరగనియ్యరు. నెల నెలా ఏం జరుగుతుందో తల్లి నోరు తెరిచి చెప్పని ఇళ్లే ఎక్కువ. ముందే పెద్దమనిషైన నేస్తం చెవిలో చెప్పిన మాటలే ఆ పిల్లకు దొరికే మొదటి ఆరోగ్యపాఠం. అందులో తప్పుడు సంగతులు ఉండవచ్చు, భయాలు ఉండవచ్చు, కానీ చెప్పే మనిషి ఉండటమే అప్పుడు కావాల్సింది.

తండాల్లో తీజ్

దేవరకొండ, చందంపేట, కల్వకుర్తి వైపు లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. 1976 నాటి చట్టసవరణతో తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాత చాలా తండాలు సొంత గ్రామపంచాయతీలు అయ్యాయి. రాజస్థాన్ నుంచి తరతరాల కిందట సరుకు మోసే ఎడ్ల మందల వెంట వచ్చిన ఈ జనం తమతో తెచ్చుకున్న పండుగల్లో తీజ్ పూర్తిగా కన్నెపిల్లలది. వానలు నిలదొక్కుకున్న శ్రావణంలో వస్తుంది.

పిల్లలు ముందు తండా నాయక్ దగ్గరికి పోయి అనుమతి అడుగుతారు. తరువాత పుట్టమన్ను, పశువుల ఎరువు కలిపి వెదురుబుట్టల్లో నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలన్నీ ఒకే మంచె మీద వరసగా పెడతారు. అక్కడి నుంచి తొమ్మిది రోజులు పూటపూటకూ బావికో బోరుకో పోయి బిందెలతో నీళ్లు తెచ్చి, పాడుతూ బుట్టలు తడపాలి. చాలా తండాల్లో ఆ రోజుల్లో పిల్లలు తిండిలోనూ నియమం పాటిస్తారు. మొలక ఏపుగా పెరిగితే మంచి వరుడు దొరుకుతాడని, తండా పంటలు బాగుంటాయని నమ్మకం. ఒక బుట్ట వాడితే అది ఒక్క ఇంటి దిగులు కాదు, జట్టంతా దానికి నీళ్లు పోస్తుంది.

గోధుమలు చల్లే రోజు బోరడి ఝష్కేరో అనే ఆట ఉంటుంది. నానిన శనగలను రేగుకంప ముళ్లకు గుచ్చాలి. వరసైన కుర్రాళ్లు కంపను ఊపుతుంటారు. ముల్లు గుచ్చుకున్నా విసుక్కోకుండా గుచ్చుతూ పోవాలి. చూసేవాళ్లకు నవ్వులాట. ఓర్పుకు పరీక్ష అని పెద్దలు అంటారు. ఏడో నాడు ఢమోళి, ఆ రోజు రొట్టె, బెల్లంతో చేసిన చుర్మా తమ గురువు సేవాలాల్‌కూ దేవత మేరామ యాడికీ నైవేద్యం పెడతారు. చివరి నాళ్లలో మట్టితో గణగోర్ బొమ్మలు చేస్తారు. ఆఖరు రోజు మొలకలు కోసి అన్నదమ్ముల తలపాగాల్లో దోపి, బుట్టలను వాగులోనో చెరువులోనో కలుపుతారు. అప్పుడు పిల్లలు ఒకరిని పట్టుకొని ఒకరు ఏడుస్తారు. వచ్చే తీజ్‌కు ఈ జట్టులో ఎవరికి పెళ్లైపోతుందో, ఎవరు ఏ తండాకు పోతారో తెలియదు. పెళ్లైన పిల్లకు మళ్లీ బుట్ట లేదు. ఆ ఏడుపును ఆచారంలో ఒక భాగమని రాసేవాళ్లున్నారు. ఆచారమే కావచ్చు, కానీ కన్నీళ్లకు కారణం నిజమైనదే.

బాణామతి నీడ

యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామిని జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ అనే ఐదు రూపాల్లో కొలుస్తారు. జనం నోట ఆయన వైద్య నరసింహుడు. గ్రహపీడలు, గాలి సోకడం, చేతబడి వంటివి ఆయన సన్నిధిలో వదులుతాయన్న నమ్మకంతో మండలం రోజులు గుట్ట మీద ఉండి ప్రదక్షిణలు చేసే ఆచారం తరాలుగా ఉంది. అలా తీసుకువచ్చిన వాళ్లలో ఈడొచ్చిన ఆడపిల్లలు కూడా ఉంటారు.  కృష్ణశిలతో కొత్తగా కట్టిన ఆలయం 2022 మార్చి 28న తెరుచుకుంది. గుడి రూపం మారినా ఆ నమ్మకంతో మెట్లెక్కే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

గుడి దగ్గర ఆ నమ్మకం రోగికి ఊరట ఇస్తుంది, ఎవరినీ కొట్టదు. ఊళ్లో అదే నమ్మకం దోషిని వెతుకుతుంది. తెలంగాణలో బాణామతి, చేతబడి ఆరోపణలు ఆడవాళ్ల మీదే కాక మగవాళ్ల మీద, మొగుడూపెళ్లాల మీద కూడా పడతాయి. భూమి తగాదా, వాటాల గొడవ, పాత పగ చాలాసార్లు వాటి వెనక ఉంటాయి. మంత్రం నోట పలకకుండా చేస్తామని పళ్లు రాలగొట్టిన ఘటనలు, చెట్టుకు కట్టేసి కొట్టిన ఘటనలు, ప్రాణాలు తీసిన ఘటనలు ఈ నేల మీద జరిగాయి. 1980ల మొదట్లో మెదక్ జిల్లాను బాణామతి భయం కుదిపినప్పుడు, గోరా, సరస్వతీ గోరా 1940లో స్థాపించిన నాస్తిక కేంద్రం కార్యకర్తలు వైద్యులతో కలిసి ఊరూరా తిరిగారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక ఆ పనిని పల్లె బడుల దాకా తీసుకుపోయింది. నిప్పు ఎలా రాజుకుంటుందో, నిమ్మకాయలో ఎరుపు ఎలా వస్తుందో పిల్లల ముందే చేసి చూపడం వాళ్ల పద్ధతి.

బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, మహారాష్ట్ర, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో, కర్ణాటక 2017లో ఇలాంటి ముద్రల మీద, మూఢాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలంగాణలో ఇలాంటి కేసులను ఎక్కువగా హత్య, దాడి వంటి సాధారణ నేర సెక్షన్ల కిందే నడుపుతూ వచ్చారు. దెబ్బ పడ్డాక కేసు పెట్టడానికి అవి చాలుతాయి. ముద్ర పడిన నాటి నుంచి దెబ్బ పడే దాకా నడిచే నెలల వెలి, బావి దగ్గర మాటలు, బడిలో ఆ ఇంటి పిల్ల పక్కన ఎవరూ కూర్చోకపోవడం, వీటికి సాధారణ చట్టంలో చోటు తక్కువ. ప్రత్యేక చట్టం రావాలన్న కోరిక అందుకే సబబైనది.

ఆ ఇంటి ఆడపిల్ల సంగతి నివేదికల్లో కనిపించదు. తల్లి మీదో నాయనమ్మ మీదో మాట పడితే మొదట తెగేది పిల్ల సోపతి. ఆ ఇంటికి పోవద్దని, వాళ్లు పెట్టింది తినొద్దని తోటి పిల్లలకు ఇంట్లో చెబుతారు. బొడ్డెమ్మ వరసలో చెయ్యి అందించే వాళ్లు తగ్గుతారు. అలాంటప్పుడు పక్కన నిలబడిన ఒక్క నేస్తం చేసే పని ఏ ప్రచారమూ చేయలేదు.

నమ్మకం భయాన్నీ మోస్తుంది

స్నేహం ఎప్పుడూ మందుగానే పనిచేస్తుందనుకోవడం పొరపాటు. ఆడపిల్లల హాస్టళ్లలో ఒకరు రాత్రి కేక వేసి పడిపోతే కాసేపట్లో నలుగురు, తెల్లారేసరికి ఇంకెందరో పడిపోవడం, దయ్యం ఉందన్న మాటతో తల్లిదండ్రులు పరుగెత్తుకు రావడం వైద్యులకు కొత్త కాదు. సామూహిక హిస్టీరియా అని వాళ్లు పిలిచే ఈ స్థితి చూపు ద్వారా, మాట ద్వారా పాకుతుంది. మొదట పడిపోయిన పిల్లకు దగ్గరి స్నేహితులే తరచుగా ముందు దీని బారిన పడతారు. నటన కాదు, ఒంట్లో కలిగే బాధ నిజమే. ఇంటిమీది బెంగ, చదువు ఒత్తిడి, చెప్పుకోలేని భయం ఒకరి ఒంట్లో బయటపడి, ఆ పిల్లను నమ్మిన వాళ్ల ఒంట్లోకి దారి చేసుకుంటుంది. గుంపును విడదీసి, నెమ్మదిగా మాట్లాడి, గొడవ తగ్గిస్తే చాలావరకు రోజుల్లోనే సద్దుమణుగుతుంది. భూతవైద్యుణ్ణి పిలిచి పేరు చెప్పమంటే మాత్రం ఎవరో ఒకరి పేరు వస్తుంది, ఆ పేరుగల మనిషి బతుకు ప్రమాదంలో పడుతుంది.

పేరు చెప్పమంటే ఏమవుతుందో అమెరికాలోని సేలం చూపింది. 1692లో తొమ్మిదేళ్ల బెట్టీ పారిస్‌కు, పదకొండేళ్ల అబిగైల్ విలియమ్స్‌కు మూర్ఛల వంటివి వచ్చాయి. పెద్దలు గుచ్చి గుచ్చి అడిగారు. పిల్లలు పేర్లు చెప్పారు. మంత్రగత్తెల విచారణలు ముగిసేసరికి పంతొమ్మిది మందిని ఉరితీశారు, ఒకరిని బండరాళ్ల బరువుతో చంపారు. భయపడిన పిల్లల నోటిని పెద్దలు తమ పగలకు వాడుకున్న తీరు మన పల్లెల్లో జరిగేదానికి దూరంగా లేదు.

అదే పడమర తరువాతి కాలంలో మంత్రగత్తె అన్న ముద్రను గౌరవంగా తిరిగి తీసుకుంది. ఇంగ్లండులో పాత మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ పుస్తకంతో విక్కా అనే కొత్త మతం వెలుగులోకి వచ్చింది. చిన్న చిన్న బృందాలుగా కూడే ఆ మతంలో దీక్ష తీసుకునే మనిషి ప్రేమ, నమ్మకం అన్న రెండు మాటల మీద లోపలికి అడుగుపెడుతుంది. 1989లో మియజాకి తీసిన జపాను యానిమేషన్ సినిమాలో పదమూడేళ్ల మంత్రగత్తె కికి ఆచారం ప్రకారం ఇల్లు విడిచి కొత్త ఊళ్లో ఏడాది బతకడానికి పోతుంది. ఎగిరే శక్తి పోయినప్పుడు ఆమెను నిలబెట్టింది అడవిలో బొమ్మలు వేసుకునే ఒక స్నేహితురాలే. బడిపిల్లలు ఇప్పుడు ఇవన్నీ ఫోన్లలో చూస్తున్నారు. తమ ఊళ్లో ఆ ముద్రకు పళ్లు రాలగొడతారన్న సంగతి కూడా వాళ్లకు తెలిసి ఉండాలి.

జోగిని

భయమే కాదు, భక్తి కూడా ఆడపిల్ల మీద ముద్ర వేస్తుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, ముఖ్యంగా నారాయణపేట, మక్తల్ వైపు, దళిత ఆడపిల్లలను ఎల్లమ్మ పేర జోగినిగా వదిలే దురాచారం ఉంది. దేవత శక్తి ఆమెలో ఉందని పండుగనాడు మొక్కుతారు, మిగతా రోజుల్లో ఆమె ఒంటిమీద ఊరి మగవాళ్లకు హక్కు ఉందంటారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. ఈ బాధ పడ్డ స్త్రీలే సంఘాలు కట్టి తమ తరువాతి పిల్లలకు ముడి పడకుండా అడ్డుపడ్డారు. రచయిత్రి గోగు శ్యామల కథల్లో ఒక తండ్రి కూతుర్ని జోగిని కానీయకుండా హాస్టల్‌కు చేర్చి, అందుకు ఊరి కోపాన్ని భరిస్తాడు. పిల్ల తప్పించుకోవడానికి దారి బడి హాస్టలే కావడం కథలోనే కాదు, బయటా నిజం.

ఉయ్యాల పాట నుంచి హాస్టల్ దాకా

బొడ్డెమ్మ దగ్గర నేర్చిన గొంతు పెద్ద పనులకూ పనికొచ్చింది. 1940ల తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా ఆడపిల్లలు ఉత్తరాలు చేరవేశారు, దళాలకు కాపు కాశారు, ఆయుధాలు పట్టారు. 1931లో పుట్టి చిన్న వయసులోనే ఉద్యమంలోకి వచ్చిన మల్లు స్వరాజ్యం దొరల దౌర్జన్యాలను ఉయ్యాల పాటల్లో కట్టి ఊరూరా పాడింది. బతుకమ్మ వరస అందరికీ తెలిసిందే కాబట్టి కొత్త మాట వినగానే జనం వెనక అందుకున్నారు. ఆలేరు ప్రాంతపు ఆరుట్ల కమలాదేవి అదే పోరాటం నుంచి వచ్చి తరువాత శాసనసభకు ఎన్నికైంది. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ తరం ఆడవాళ్లు తమ నోటితో చెప్పిన సంగతులున్నాయి. రహస్య జీవితంలో ఒకరి ప్రాణం ఇంకొకరి నోట్లో ఉంటుంది. ఉద్యమం ముగిశాక ఇళ్లకు తిరిగి పొమ్మన్నప్పుడు వాళ్లు పడ్డ ఒంటరితనాన్ని కూడా ఆ పుస్తకం దాచలేదు.

ఇప్పుడు ఆడపిల్లలు జట్లు ఎక్కువగా హాస్టళ్లలో కడుతున్నారు. 2004లో మొదలైన కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయాలు, సంక్షేమ గురుకులాలు పల్లెల నుంచి, తండాల నుంచి పిల్లలను ఒకచోట చేర్చాయి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల పెళ్లి నేరం. సెలవులకు ఇంటికి పోయిన పిల్ల తిరిగి రాకపోతే ముందు అనుమానం వచ్చేది పక్క మంచం పిల్లకే. ఆ పిల్ల బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలన్నా, టీచరుకు చెప్పాలన్నా స్నేహితురాలి ఇంటివాళ్ల కోపానికి సిద్ధపడాలి.

ఊళ్లలో బొడ్డెమ్మ తగ్గుతోంది. పుట్టలున్న బీళ్లు ప్లాట్లవుతున్నాయి, వాకిళ్ల మీద సిమెంటు పడింది, ఆ వయసు పిల్లలు హాస్టల్‌లో ఉంటున్నారు. బతుకమ్మ మాత్రం హైదరాబాద్ అపార్టుమెంట్ల నుంచి అమెరికా, బ్రిటన్ తెలుగు సంఘాల దాకా పెరిగింది. దసరా సెలవులకు ముందు బడుల్లో బతుకమ్మ ఆడించడం ఇప్పుడు రాష్ట్రమంతటా వాడుక. తండా పిల్లలు ఎక్కువగా ఉన్న హాస్టళ్లలో శ్రావణంలో తీజ్ బుట్టలు కూడా పెడుతున్నారు. లంబాడీ పిల్ల బుట్టకు దళితవాడ పిల్ల నీళ్లు పోస్తుంది. ఊరి నడుమ ఇంటి పిల్ల పక్కన నిలబడి అదే దళితవాడ పిల్ల బతుకమ్మ పాట అందుకుంటుంది. ఊరి వాకిట్లో ఈ ముగ్గురూ ఒకే వరసలోకి వచ్చే వీలుండేది కాదు.